విచారణలో క్రొత్త సోదరి



కతోలిక మతమును క్రొత్తగా స్వీకరించిన యొక సోదరి మాకు జాబు వ్రాసినది. ఆమె ప్రతి యాదివారమును దేవాలయమునకు బోవుచున్నది. పూజ ముగిసిన పిమ్మట జనులు గుంపులు గుంపులుగా వేపచెట్టు క్రింద నిలిచి మాటలాడుకొందురు. ఆమె మాత్రము చెప్పులు తొడిగికొని యింటికి వచ్చును. ఎనిమిది మాసము లిట్లే గడచినవట. "దేవుడు దొరకెను గాని మనుష్యులు దొరకలేదు" అని యామె వాపోయినది. ఈ నెల యీ విషయమునే ముచ్చటింతును.

ఇది చిన్న కష్ట మని కొట్టివేయరాదు. మన స్త్రీలకు స్నేహములు సాధారణముగా పేరంటములవలన గలుగుచుండును. శ్రావణమాసపు నోములు, అట్లతద్ది, సంక్రాంతి బొమ్మల కొలువు వీనియందు ఒకరింటి కొకరు పోవుచు వచ్చుచు నుందురు. మతము మారిన స్త్రీకి ఆ పిలుపులు క్రమముగా తగ్గిపోవును. ఎవరును వలదని చెప్పరు. పిలుచుట మానుదురు, అంతే. పుట్టినింటివారును పండుగ దినములలో నేమి మాటలాడవలెనో తెలియక మౌనము వహింతురు. అట్టి స్థితిలో విచారణయే యామెకు రెండవ పుట్టినిల్లు కావలసి యున్నది. అదియు గాకపోయిన నామె యెచ్చటి మనిషి?

ముందుగా నొక సంగతి యెరుగవలెను. దివ్యబలిపూజ పరిచయములు చేసికొనుటకై యేర్పడినది కాదు. అందరి ముఖములును పీఠమువైపే యుండును. పూజకు ముందు మౌనము పాటించుట మర్యాద. ఒకరి నొకరు చూచుకొనుటకు శాంతిని తెలుపుకొను క్షణ మొక్కటియే కలదు. ఇతర దేశములలో ఆ సమయమున చేతులు కలుపుదురు. మన దేశమున చేతులు జోడించి నమస్కరింతురు గనుక, మగవారి యెదుటనైనను మన స్త్రీలకు సంకోచ మక్కరలేదు. సత్ప్రసాద సమయము క్రొత్తవారికి మిక్కిలి కష్టమైనది. జ్ఞానస్నానము కానివారు దానిని స్వీకరింపరాదు. బల్లపై నున్న వారందరును లేచి, ఈమె మోకాళ్లు దాటుకొని ముందునకు బోవుదురు. ఈమె యొక్కతెయు మిగిలిపోవును. అందరును తన్నే చూచుచున్నా రని తోచును గాని, వాస్తవమునకు వారి మనస్సు లప్పుడు వేరొకచోట నుండును.

కాన పరిచయమునకు ఆదివారముకంటె పనిదినములే మేలు. ఆదివారము వందల మంది వచ్చు దేవాలయమునకు బుధవారముదయమున ఏ యిరువదిమందియో వత్తురు. వారు నిత్యమును తమ తమ చోటులందే కూర్చుందురు. పండ్రెండు దినములు వరుసగా వచ్చి పదుమూడవ నాడు రాని మనిషిని గూర్చి ఎవరో యొకరు తప్పక విచారింతురు. ముదుసలి స్త్రీలతో స్నేహమునకు ఇంతకంటె సులభమైన దారి లేదు. విచారణ చరిత్ర యంతయు వారి నోటనే యుండును.

శ్రీసభ యీ విషయమును మరచిన దని తలపవలదు. రెండవ వాటికన్ మహాసభ కోరికపై, పెద్దలను సభలో జేర్చుకొను నూతన క్రమము 1972లో వెలువడినది. క్రొత్తవారిని సిద్ధపరచుట గురువుల పని, ఉపదేశి పని మాత్రమే కాదనియు, జ్ఞానస్నానము పొందిన వారందరి బాధ్యత యనియు అందు స్పష్టముగా జెప్పబడినది. పాస్కా జాగరణ రాత్రి జ్ఞానస్నాన మిచ్చిన పిమ్మట పెంతెకోస్తు వరకు గల వారములు క్రొత్తవారు సంఘముతో కలసి మెలసి యుండుటకే యేర్పడినవి. ఆచరణయం దేమి జరుగుచున్నది? ఉపదేశి యొక గదిలో జపములు నేర్పును, నీళ్లు పోయుదురు, ఫొటో తీయుదురు, మరునాటినుండి ఎవరి దారి వారిది. క్రమము మంచిదే. దాని చివరి భాగమును మనవారు ఎగురగొట్టుచున్నారు.

జ్ఞానతల్లిని గూర్చియు నొక మాట. 1983 నాటి సభాధర్మశాస్త్రము ప్రకారము ఆమెకు సామాన్యముగా పదునారేండ్లు నిండి, భద్రమైన అభ్యంగనము పొంది యుండవలెను. జ్ఞానస్నానము పొందినవారు క్రైస్తవ జీవనము సాగించుటకు తోడ్పడవలెను. మనవారు గౌరవముకొరకు ఏ ప్రధానోపాధ్యాయురాలినో, ఏ దూరపు పట్టణపు ధనికురాలినో యెన్నుకొందురు. ఆమె యొక చీర పెట్టి వెడలిపోవును. నా మట్టుకు, అదే వీధిలో నుండి ఆదివారము తలుపు తట్టి "వత్తువా?" అని యడుగు సామాన్యురాలే వేయిరెట్లు మేలు.

ఇక మనము నోరువిప్పుటకు జంకు విషయము. "మీరేమివారు?" అను ప్రశ్న దేవాలయపు గుమ్మము బయట నాగిపోవుట లేదు. ఆంధ్రదేశమున 18వ శతాబ్దమునందు ఫ్రాన్సునుండి వచ్చిన యేసుసభ గురువుల కాలముననే కతోలికులైన రెడ్డి, కమ్మ కుటుంబములు కలవు. తరువాతి కాలమున మాల, మాదిగ కుటుంబములు పెక్కు చేరినవి. ఒకే పీఠము ముందు మోకరిల్లియు వియ్యములకు, విందులకు వేరుగా నుండు విచారణలు నేటికిని లేకపోలేదు. క్రొత్తగా వచ్చిన స్త్రీ నొక గుంపు చేరదీసిన, రెండవ గుంపు దూరముగా జరుగును. ఆమెకు కారణమైనను తెలియదు. హైదరాబాదు అగ్రపీఠాధిపతులగు పూల అంథోనీగారు 2022లో కార్డినలు పదవి నందిరి. తెలుగువారిలోను, దళిత కుటుంబములనుండి వచ్చినవారిలోను ఆ పదవి కెక్కినవారిలో వారే ప్రథములు. ఆనాడు సంతోషపడని విచారణ లేదు గాని, సంతోషించిన వారందరును తమ బల్లపై చోటు సవరించుకొనిరా యని నా సందేహము.

కావున క్రొత్త సోదరికి నా సలహా: ఏ గుంపు పిలిచినను పొమ్ము, ఒక్క గుంపుతోనే యుండిపోకుము. మరియు నెదుటివారి పేర్లను గూర్చి తరచి యడుగవలదు. దేవాలయములో మరియమ్మ యనిపించుకొను స్త్రీకి రేషను కార్డుపై వేరొక పేరుండవచ్చును. 1950 నాటి రాష్ట్రపతి యుత్తర్వు ప్రకారము క్రైస్తవులైన దళితులను షెడ్యూల్డు కులములవారుగా నెంచరు. సిక్కులకు 1956లోను, బౌద్ధులకు 1990లోను ఇచ్చిన సవరణ వీరికి లేదు. బిడ్డల చదువు, ఉద్యోగము దీనిపై నాధారపడి యుండగా, ఆ పేరు వెనుక నొక కుటుంబపు బ్రతుకే యుండును. వారంతట వారు చెప్పిన విని యూరకుండుడు.

మాటకంటె పని త్వరగా మనుష్యులను కలుపును. శనివారము సాయంకాలము దేవాలయము తుడిచి, పీఠమునకు పూలమాలలు కట్టు స్త్రీలు ప్రతి విచారణలోను నలుగురైన నుందురు. చేమంతులు గ్రుచ్చుచు మాటలాడనివారెవరు? సూదియు దారమును పట్టుకొని పోయి వారి ప్రక్క కూర్చున్న చాలును. ఎవరి యనుమతియు నక్కరలేదు. జ్ఞానస్నానమైన పిమ్మట లీజియన్ ఆఫ్ మేరీలో చేరవచ్చును. 1921లో డబ్లిను నగరమున పుట్టిన యీ సంఘపువారు వారమున కొకమారు కూడి, రోగుల యిండ్లకు ఇద్దరిద్దరుగా బోవుదురు. ఈ యిద్దరిద్దరుగా పోవుటయే నాకు నచ్చిన యంశము. ఎండలో రెండు వీధులు కలసి నడచినవారు అపరిచితులుగా నుండుట కష్టము. విచారణలో నెవరైన మరణించినచో పోయి కూర్చుండుడు; జపమాల రాకున్నను ఫరవాలేదు. పెండ్లికి వచ్చినవారిని మరతురు గాని చావున కూర్చున్నవారిని మరువరు.

పుట్టుకతోనే కతోలికులైన సోదరీమణులకు రెండు మాటలు. క్రొత్తయామెకు ముసుగు జారిన, మోకాళ్లూనుట ఆలస్యమైన దిద్దుటకు వెంటనే లేచెదరు. పేరడుగుటకు మాత్రము ఎనిమిది మాసములు చాలలేదు. ఆమె ఎందుకు మతము మారిన దని మొదటి దినముననే ప్రశ్నింపకుడు. అది యామె చెప్పదలచినప్పుడు చెప్పును. "ఇల్లెక్కడ? పిల్ల లెందరు? రేపు వత్తువా?" ఈ మూడు ప్రశ్నలు ప్రస్తుతమునకు చాలును.

విజయవాడ గుణదల కొండపై ఫిబ్రవరి 9 మొదలు 11 వరకు లూర్దుమాత యుత్సవము జరుగును. అచ్చటికి హిందువులును వచ్చి కొబ్బరికాయలు సమర్పింతురు, తలనీలాలిత్తురు. క్రొత్తయామె పుట్టినింటివారు సైతము బెరుకులేక రాగల తావు అది. కొండ యెక్కునప్పుడు ఎవరి బిడ్డను ఎవరెత్తుకొనిరో, ఎవరి పులిహోర ఎవరు తినిరో లెక్క యుండదు. మీ విచారణనుండి బస్సు మాటలాడునప్పుడు, చోటులు నిండకముందే ఆమె యింటికి పోయి, తల్లినిగూడ తీసికొని రమ్మని చెప్పి రండు.