సొమ్మొకనిది, సోకొకనిది

మనదేశపు పేరు నెత్తిన పెట్టుకొని లోకమంతట ఊరేగుచున్న పానీయ మొకటి కలదు. దానిని ఇండియా పేల్ ఏల్ అందురు. పొడి యక్షరములలో ఐ.పి.ఏ. అనియు అందురు. లేతరంగు మాల్టుతో కాచి, హాప్ పూలను దండిగా వేసి, చేదును సువాసనను కలిగించిన బీరు ఇది. బెంగుళూరు, హైదరాబాదు మొదలగు నగరములందు అక్కడికక్కడ బీరు కాచి అమ్ము శాలలు వెలసినది మొదలు ఈ మూడక్షరములు మన పట్టణవాసులకును పరిచితములైనవి. ఐ.పి.ఏ.లలో శ్రేష్ఠమైన దేది యని ఈ రసికులు సలుపు వాదములు తర్కశాస్త్ర పండితుల వాదములకు తీసిపోవు. వారి రుచులతో మాకు తగవు లేదు. త్రాగుట మంచిదా, మానుట మంచిదా యన్నది వేఱు ప్రశ్న. దాని నిచట విచారింపము. మేము విచారింపబూనినది సీసాలోని సరకును గూర్చి కాదు, సీసాపై నంటించిన చీటీని గూర్చి. ఆ చీటీపై నచ్చొత్తిన కథను గూర్చి.

ఆ కథ యిట్టిది. ఇండియా యెండలలో దాహముచే నలమటించు ఆంగ్ల సిపాయిల కష్టము చూడలేక, లండనులోని జార్జి హాడ్జ్‌సన్ అను బీరు వర్తకుడు నూతన పానీయము నొకదానిని కనిపెట్టెనట! మామూలు బీరు ఓడలో పులిసి పాడగుచుండగా, ఇతడు హాప్‌లను మత్తును ఇబ్బడిముబ్బడిగా హెచ్చించి, దానిని సముద్రములు దాటించెనట! వినుటకు సొంపుగనే యున్నది. పానశాలల గోడలమీదను, సీసాల వీపులమీదను, రసికుల నోళ్లయందును ఈ కథ నేటికిని నిత్యపారాయణ మగుచున్నది. కాని న్యాయస్థానమున దీనిని దాఖలు చేసినయెడల మొదటి వాయిదాకే కొట్టుపడును.

సాక్ష్యమును పరిశీలింతము. ఇది హాడ్జ్‌సన్ కనిపెట్టిన క్రొత్త సరకా? ఇంగ్లండులో పేల్ ఏల్ అతనికి పూర్వమే కలదు. వేడి దేశములకు పంపు బీరులో హాప్‌లు హెచ్చుగ వేయవలెనని 1760 ప్రాంతముననే అచ్చటి బీరు తయారీదారు లెఱుగుదురు. 1784లోనే కలకత్తా గెజెట్టు పత్రికలో పేల్ ఏల్ అమ్మకమునకు ప్రకటన వెలువడినది. మామూలు బీరు దారిలో చెడిపోవుచుండెనా? పోర్టరు అను నల్లబీరు అవే యోడలలో వచ్చి అదే కలకత్తాలో అమ్ముడుపోయినది. మత్తు మిక్కిలి హెచ్చా? నూటికి ఆఱు పాళ్లకు కొంచెము పైన; ఆనాటి బీరులలో అది సామాన్యము. సిపాయిల దాహమునకా? సిపాయిలు త్రాగినది పోర్టరును, ఈ దేశపు సారాయిని. పేల్ ఏల్ త్రాగినవారు పై తరగతి సైనికాధికారులును, దొరతనపు ఉద్యోగులును. ఇక ఇండియా యను ఆ పేరైనను పుట్టుకతో వచ్చినదా? ఆ పేరు తొలుత అచ్చున కాననగునది 1829లో. అదియు లండనులో గాదు, కలకత్తాలో గాదు, ఆస్ట్రేలియాలోని సిడ్నీ నగరపు పత్రికా ప్రకటనలో! వాదములు నాలుగును వీగిపోయినవి. పేరు సయితము పిమ్మట అంటించినదే.

మఱి హాడ్జ్‌సన్ కేల అంత ప్రఖ్యాతి కలిగెను? రహస్య మేమియు లేదు. అతని బట్టీ లండనునకు తూర్పున బో అను తావున నుండెను. కుంఫిణీ యోడలు నిలుచు బ్లాక్‌వాల్ రేవు దానికి దాపు. ఆ యోడల కప్తానులకు సొంత వ్యాపారమునకై ఓడలో కొంత చోటు వాడుకొను హక్కు కలదు. హాడ్జ్‌సన్ వారికి పదునెనిమిది నెలల వాయిదాపై సరకు అరువిచ్చెను. వారు దానిని తెచ్చి, ఇచ్చట అధిక లాభమున కమ్ముకొని, తిరిగిపోయి బాకీ తీర్చుకొనిరి. గుడ్ హోప్ అగ్రము చుట్టి వచ్చు ఆ నెలల ప్రయాణమున పీపాలలోని బీరు చక్కగా పక్వమైనమాట నిజమే. కాని ఆ వర్తకుని కీర్తికి మూలము రేవు సామీప్యము, అరువు సౌకర్యము. అంతకు మించి యేమియు లేదు.

తరువాతి ఘట్టము మఱింత బోధకరము. 1820 ప్రాంతమున ఆ బట్టీ వారసులు కప్తానులకు అరువు మాన్పి, వెల హెచ్చించి, ఓడ వ్యాపారమునంతను తామే మ్రింగజూచిరి. అంతట కుంఫిణీ డైరెక్టరులలో నొకడైన మార్జొరీబ్యాంక్స్, రష్యా సుంకములచే తన బేరమును పోగొట్టుకొనియున్న బర్టన్ పట్టణపు శామ్యూల్ ఆల్సప్‌ను ఇండియా బేరమునకు పురికొల్పెను. బర్టన్ బావుల నీటిలో జిప్సము హెచ్చు. హాప్‌ల చేదు ఆ నీటిలో తేటగా పలుకును. ఆల్సప్ వెనుక బ్యాస్ వచ్చెను. కొలదికాలమునకే బర్టన్ బీరు హాడ్జ్‌సన్ బీరును వెనుకకు నెట్టెను. ఇట్లు ఈ పానీయచరిత్రయందలి ప్రతి మలుపునను కనబడునది కుంఫిణీ యోడ, కుంఫిణీ డైరెక్టరు, కుంఫిణీ యుద్యోగి. ఇండియా కనబడునది సరకు దిగు రేవుగా మాత్రమే.

దొరగారి గ్లాసు వెల యెవరిచ్చిరి? ఆయన జీతమునుండి యిచ్చెను. ఆ జీత మెక్కడనుండి వచ్చెను? ఈ దేశపు రైతు చెల్లించిన శిస్తునుండి వచ్చెను. 1765లో మొగలు పాదుషా సన్నదుతో ఉత్తర సర్కారులు కుంఫిణీ పాలైనవి. నాటినుండి మన తెలుగురైతును ఆ గ్లాసునకు వాటా చెల్లించినవాడే. 1829లో ఈ బీరు మనదేశపు పేరు ధరించెనని చెప్పితిమి గదా! అటుపై మూడు నాలుగేండ్లకే, 1832-33లో, గుంటూరు సీమను నందన కఱవు పట్టుకొనెను. లక్షకు మించిన జనము మడిసిరి; పల్లెలు పాడుపడినవి. బీరు వలన కఱవు వచ్చెనని మేమనము, అట్లనుట యసత్యము. కాని బర్టన్ పీపాలు మన రేవులలో దిగుచున్న దినములలోనే ఆ సీమయందు బీద జనులు గంజినీళ్లు లేక బాటల ప్రక్కల పడి చచ్చిరి. ఆ కాలమును గూర్చి సీసా వీపుమీద తియ్యని కథ వ్రాయువాడు ఈ సంగతి యెఱిగి వ్రాయవలెను.

మఱియొక్క సాక్ష్యము. 19వ శతాబ్దపు మధ్యభాగమున హిమాలయ సీమయందలి కసౌలీలో బీరుబట్టీ నెలకొల్పి, ఈ దేశముననే దొరలకు కావలసిన బీరు కాచి యిచ్చినవాడు ఎడ్వర్డు డయ్యరు. పిమ్మట మఱ్ఱీ కొండమీది బట్టీకిని అతడే నిర్వాహకు డయ్యెను. ఆ మఱ్ఱీలో 1864లో అతనికి కుమారుడు పుట్టెను. 1919 ఏప్రిలు 13వ తేదీన అమృతసరమందు జలియన్‌వాలాబాగులో నిరాయుధ జనులపై తుపాకులు కాల్పించిన జనరల్ డయ్యరు ఆ కుమారుడే. తండ్రి వృత్తిని కొడుకు పాపమునకు హేతువుగ జూపుట న్యాయము కాదు, మేమట్లు చూపము. కాని సామ్రాజ్యపు బీరుకథలోని మనుష్యులు గాలిలోనుండి ఊడిపడినవారు కారు. సామ్రాజ్యమున పుట్టి, సామ్రాజ్యముచే పెరిగినవారు. వారిలో తియ్యని భాగమును మాత్రము చీటీకెక్కించి తక్కినదానిని కత్తిరించుట చరిత్ర యనిపించుకొనదు.

ఇక నేటి రసికులు మెచ్చు ఐ.పి.ఏ.లను జూతము. ఇవి ఇండియాలో పుట్టినవి కావు. నిజమునకు లండనుకును, బర్టనుకును సొంతబిడ్డలు కావు. అమెరికా దేశపు బిడ్డలు. 1972లో కాస్కేడ్ అను క్రొత్తరకము హాప్ అచ్చట సేద్యమునకు విడుదలయ్యెను. నారింజ జాతి పండ్ల పరిమళము దానియందు కలదు. 1975లో శాన్‌ఫ్రాన్సిస్కోలోని యాంకర్ బట్టీవారు ఆ హాప్‌తో లిబర్టీ ఏల్ అను బీరు కాచిరి. దేనికి జ్ఞాపకముగానో తెలియునా? ఆంగ్లసేనలు వచ్చుచున్నవని 1775లో రాత్రివేళ గుఱ్ఱమెక్కి దేశస్థులను మేల్కొల్పిన పాల్ రివియర్ స్వారికి రెండువందల యేండ్లు నిండిన జ్ఞాపకముగా! నేటి ఐ.పి.ఏ. వంశమునకు మూలపురుషు డనదగిన బీరు ఆంగ్ల ప్రభుత్వమును ధిక్కరించిన స్మృతికై పుట్టినది. దాని సంతతియేమో కుంఫిణీ యోడబొమ్మను ఱొమ్మున ధరించి తిరుగుచున్నది!

అమెరికాలో ఇంట బీరు కాచుకొను వారి సంఘము తన పత్రికాముఖమున ఏటేట సభ్యుల వోట్లు కోరుచు వచ్చెను. 2009 మొదలు 2016 వఱకు వరుసగా ప్రథమస్థానము కాలిఫోర్నియాలోని రష్యన్ రివర్ వారి ప్లినీ ది ఎల్డరునకు దక్కినది. 2017లో మిషిగన్ రాష్ట్రపు బెల్స్ వారి టూ హార్టెడ్ దానిని మించినది. మొదటిదానికి రోము దేశపు ప్రాచీన పండితుని పేరు. రెండవదానికి తమ సీమలోని యేటి పేరు. రెండవది సెంటెన్నియల్ అను ఒక్క హాప్‌తోనే నడచును. వర్మాంటు రాష్ట్రమందలి ఆల్కెమిస్ట్ వారి హెడీ టాపర్ వడగట్టని మబ్బురంగు బీరు; 2011 ఆగష్టులో ఐరీన్ తుపాను వరదకు వారి పానశాల మునిగిపోగా, కొలది దినములకే క్రొత్త శాలలో దానిని డబ్బాలకెత్తి నిలద్రొక్కుకొనిరి. ఈ మూడింటి గుణము ఎక్కడిది? యాకిమా లోయయం దమెరికా రైతు పండించిన హాప్‌లది. అచ్చటి కాపుదారుల శ్రద్ధది. ఇట్టి నిజమైన గౌరవము చేతనుండగా అబద్ధపు వంశావళి వీరి కేల?

మాకు మిక్కిలి వింత గొలుపు సంగతి ఇంకొకటి. ఈ రసికులు స్వాతంత్ర్యాభిమానులు. చిన్న కాపుదారుని పెద్ద కంపెనీ మ్రింగుట వారికి సహింపదు. మద్యవ్యాపారపు పెద్ద సంస్థకు నూటికి ఇరువదియైదు పాళ్లుగాని అంతకు మించి గాని భాగమున్న బట్టీని అమెరికా కాపుదారుల సంఘమువారు క్రాఫ్టు బట్టీగా లెక్కింపరు. 2011లో షికాగోలోని గూస్ ఐలండు యాన్‌హైజర్ బుష్ ఇన్‌బెవ్ వశమైనప్పుడును, 2015లో లాగునీటస్ సగభాగమును 2017లో తక్కిన సగమును హైనెకెన్ కొన్నప్పుడును, 2021లో టూ హార్టెడ్ కాచు బెల్స్ వారు జపానీయుల కిరిన్‌కు చెందిన లయన్ చేతికి పోయినప్పుడును అభిమానులు కుమిలిపోయిరి. వారి దుఃఖము న్యాయమైనదే. ఊరి చేతిపనిని ఊరి చేతనే యుండనిండు అను మాట మన స్వదేశీ వ్రతముయొక్క మాటయే గదా! కాని ప్రపంచ చరిత్రలో పెద్ద కంపెనీ యన్న పేరునకు తగినది కుంఫిణీని మించి యేది కలదు? అది బట్టీలను గాదు, రాజ్యములను మ్రింగినది. చిన్నవాని స్వాతంత్ర్యమునకై కన్నీరు కార్చువారు ఆ కుంఫిణీ యోడకు సీసామీద హారతి పట్టుట యేమి న్యాయము?

పేరులో నేమున్నదని కొందరందురు. పేరు విలువ వర్తకులకు తెలిసినంతగా వేఱెవరికి తెలియును? ఇంగ్లండులో వ్యాపారచిహ్నముల పట్టిక తెఱచిన దినమున, 1876 జనవరి 1వ తేదీన, మొదటి సంఖ్యగా నమోదైనది ఈ పేల్ ఏల్ అమ్మిన బ్యాస్ వారి ఎఱ్ఱ త్రికోణము. మూడు గీతల బొమ్మకు చట్టము కాపలా కాచినది. కోట్ల ప్రజలుగల దేశపు పేరునకు కావలి లేదు. నేడు స్కాట్లండున కాచని విస్కీని స్కాచి యన గూడదు; డార్జిలింగున పండని తేయాకును డార్జిలింగు తేయాకన గూడదు. మన దేశమున భౌగోళిక సూచికల చట్టమే 1999లో వచ్చినది. ఐనను ఇండియా పేల్ ఏల్ అను పేరును తిరిగి యిమ్మని మేము దావా వేయబోము. రెండువందల యేండ్ల వాడుకచే అది ఒక రకపు బీరునకు సామాన్యనామ మైపోయినది. పేరుంచుకొనుడు, అబద్ధమును మాత్రము విడువుడు.

ముఖ్యముగ మన దేశపు కాపుదారులతో మా మనవి. పరదేశి ఆ కథ చెప్పినచో ఎఱుగక చెప్పెనందుము. శిస్తు చెల్లించినవారి మనుమలమైన మనము తోపీ పెట్టిన దొరబొమ్మను, తెరచాప యోడను చీటీమీద వేసి, ఆ కాలమే బంగారు కాలమని అమ్ముకొనుట సిగ్గుచేటు. మీ హాప్‌లలో అధికభాగము అమెరికా, ఐరోపాలనుండి వచ్చుచున్నదా, ఆ మాట వ్రాయుడు. నీరు మీ యూరిదా, యవలు మన రైతువా, అదియు వ్రాయుడు. కాచినవాని పనితనమును గూర్చి వ్రాయుడు. చోటు మిగిలినచో, ఇండియా యను పేరు ఈ బీరున కెట్లు వచ్చెనో ఉన్నదున్నట్లు నాలుగు పంక్తులలో వ్రాయుడు.

రసికులారా! మీకు నచ్చిన ఐ.పి.ఏ. యేదియో మీ నాలుకయే తీర్పు చెప్పును. ఆ తీర్పుపై అప్పీలు లేదు. చరిత్రకు తీర్పు చెప్పునది మాత్రము నాలుక కాదు, సాక్ష్యము. ఇకపై పానశాలలో ఎవరైన హాడ్జ్‌సన్ కథ యెత్తుకొన్నచో, కలకత్తా గెజెట్టు ప్రకటనను, కప్తానుల అరువును, నందన కఱవును వారి ముందుంచుడు. సొమ్మొకనిది, సోకొకనిది యని మన పెద్దలన్న సామెత ఈ చీటీకంటె పాతది, దీనికంటె సత్యమైనది.