డీజిలు బండ్ల మసి ఫిల్టరును తీయింపరాదు

మన సంఘసభ్యులలో పలువురు నేడు డీజిలు కార్లను, సరకులు మోయు చిన్న బండ్లను కొని వాడుచున్నారు. క్రొత్త డీజిలు బండ్ల పొగగొట్టమునందు మసిని పట్టు ఫిల్టరొకటి యుండును. దానిని డీ.పీ.ఎఫ్. అందురు. అది పూడుకొని యెదుట హెచ్చరిక దీపము వెలిగినపుడు, దానిని తీసివేసిన పీడ వదలునని సలహా యిచ్చువారు లేకపోలేదు. ఈ సలహా రైతునకు మేలు చేయునది కాదని మా దృఢాభిప్రాయము.

డీజిలు మండునపుడు పుట్టు మసికణములు మిక్కిలి సూక్ష్మములు. అవి ముక్కునందును గొంతునందును చిక్కక ఊపిరితిత్తుల లోలోపలికి పోవును. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధనా సంస్థ 2012లో డీజిలు పొగను మనుష్యులకు క్యాన్సరు కలిగించు వానిలో చేర్చినది. బండి వెనుక బస్తాల నెత్తువారును, వాకిట నాడుకొను బిడ్డలును మనవారే గాని పరులు కారు.

భారత్ స్టేజి 4 నిబంధన ప్రకారము డీజిలు కారు కిలోమీటరునకు 25 మిల్లీగ్రాముల వరకు మసిని విడువవచ్చును. 2020 ఏప్రిలు 1 నుండి దేశమంతట అమలైన స్టేజి 6 ప్రకారము 4.5 మిల్లీగ్రాములకు మించరాదు. డీజిలునందలి గంధకమును సైతము 10 లక్షల పాళ్లలో 50 నుండి 10 పాళ్లకు తగ్గించిరి. ఈ హద్దును నిలుపునది ఫిల్టరే. అది తేనెపట్టువలె సన్నని గదులుగల దిమ్మ. ప్రతి గదికిని ఒక కొన మూయబడి యుండుటచే పొగ గోడలగుండా వడియును, మసి నిలిచిపోవును. పిమ్మట సుమారు 600 డిగ్రీల వేడిలో ఆ మసి కాలిపోవును.

రైతునకు చిక్కు ఇచ్చటనే గలదు. ఇంటినుండి పొలమునకును, పొలమునుండి అంగడికిని మాత్రమే తిరుగు బండికి ఆ వేడి చాలదు. కావున దీపము వెలిగిన వెంటనే, బండితో నిచ్చిన పుస్తకమున చెప్పినట్లు, పెద్దరోడ్డుపై ఆపక కొంతసేపు నడుపవలెను. ఇంజను ఆయిలు బూడిద ఫిల్టరులో కాలక మిగిలిపోవును గనుక బూడిద తక్కువగల ఆయిలునే పోయవలెను. దగ్గర తిరుగుడు మాత్రమే గలవారు పెట్రోలు బండిని కొనుట మేలు. ఈ సంగతులను అమ్మకమునకు ముందే చెప్పుట బండి నమ్మువాని ధర్మము. చెప్పక అమ్మి, పిమ్మట రైతును నిందించుట న్యాయము గాదు.

వాయుకాలుష్య ప్రమాణములను మీరి బండి నడుపువానికి మోటారు వాహనముల చట్టము 190వ సెక్షను క్రింద 10,000 రూపాయల వరకు జుల్మానా గాని, మూడు నెలల వరకు ఖైదు గాని, రెండును గాని విధింపవచ్చును. ఫిల్టరు లేకున్నను పొగ పరీక్షలో నెగ్గవచ్చునుగదా యని కొంద రందురు. పొగ నలుపును మాత్రము కొలుచు పరీక్షకు సూక్ష్మకణములు తఱచు దొరకవనుట నిజమే. అందుచేతనే జర్మనీ దేశమున 2023 జూలై నుండి కణములను లెక్కించు పరీక్షను పెట్టిరి. మన ప్రభుత్వము కూడ ఆ త్రోవ పట్టవలెను. లేనిచో నిబంధనను పాటించిన రైతు ఖర్చుపడును, తప్పించుకొన్నవాడు లాభపడును.

ట్రాక్టర్ల మాట వేఱు. 50 హార్సుపవరుకు మించిన వానికి 2023 జనవరి నుండి కఠిన నిబంధన వచ్చినది. ఆ ఆజ్ఞ చిన్న ట్రాక్టర్లకు వర్తింపలేదు. ఖరీదు పెరుగునను భయము సహేతుకమే. అయినను ట్రాక్టరు పొగను ముందుగా పీల్చువాడు దానిపై కూర్చున్న రైతే గదా! కనుక నిబంధనే వద్దనుటకంటె, ఆ భారములో కొంత ప్రభుత్వము వహింపవలెనని కోరుట యుక్తము.

సంఘములు తగిన ఆయిలును టోకున తెప్పించి సభ్యుల కీయవచ్చును. ఫిల్టరు సంరక్షణను గూర్చి అమ్మకపుదారులచే వ్రాతమూలముగా హామీ పొందవచ్చును. రాబోవు సమావేశములలో సభ్యులు ఈ విషయమును చర్చించి తీర్మానింతురుగాక.