నల్లా బిగిస్తే సరిపోదు

నీరు, పారిశుద్ధ్యం మానవ హక్కులని ఐక్యరాజ్యసమితి 2010లో ప్రకటించింది. మన మిషన్ భగీరథ గ్రామాల్లో తలకు రోజుకు 100 లీటర్లు లక్ష్యంగా పెట్టుకుంది. అయితే ఉప్పునుంతల వంటి మండల కేంద్రాల పేదవాడల్లో నల్లా బిగించినంత మాత్రాన ఆ హక్కు దక్కదు. పైపు పగిలితే బాగుచేసేదెవరు? మరుగుదొడ్డి గుంత నిండితే ఆ మలినాన్ని ఎవరు, ఎక్కడికి తరలించాలి? ఇది ముందే తేలాలి. రక్షణ పరికరాలు లేకుండా మనిషిని సెప్టిక్ ట్యాంకులోకి దింపడం 2013 చట్టం ప్రకారం నేరం. ఇంటికి నీళ్లు మోసే భారం స్త్రీలదే కనుక గ్రామసభలో వారి మాట ముందుగా వినపడాలి. మసీదు కమిటీలు వుజూ నీటిని ఇంకుడు గుంతకు మళ్లించి దారి చూపాలి. దఫ్తరాల్లో జీవితం గడిపిన అనుభవంతో ఒక మాట చెబుతున్నాము: నోటితో అడిగినది మరుగున పడుతుంది. దరఖాస్తు రాద్దాం, రసీదు తీసుకుందాం.