బస్సులోనూ చెల్లించవలసిన దారి హక్కు

హక్కుల గురించి మాట్లాడేటప్పుడు మనం సాధారణంగా పెద్ద విషయాలనే ప్రస్తావిస్తాం. రిజర్వేషన్లు, వక్ఫ్ ఆస్తులు, ఉపకార వేతనాలు, ఉర్దూ మాధ్యమ పాఠశాలలు ఇవన్నీ పోరాడవలసిన అంశాలే, సందేహం లేదు. అయితే హైదరాబాదు వంటి మహానగరంలో సామాన్య ముస్లిం కుటుంబానికి గౌరవమైనా అగౌరవమైనా ప్రతి ఉదయం మొదట ఎదురయ్యే చోటు సిటీ బస్సు. దాని గురించి మన సభల్లో తీర్మానాలు ఉండవు, మన పత్రికల్లో వ్యాసాలు అరుదు. కానీ పాతబస్తీలో ఏ నలుగురు తల్లులను కదిపినా ఒక మాట వినిపిస్తుంది. ఇంటర్మీడియెట్ వరకు బాగా చదివిన పిల్ల డిగ్రీకి ఎందుకు వెళ్లలేదని అడిగితే, ఫీజు కట్టలేకనో మార్కులు రాకనో అని అందరూ చెప్పరు. "రోజూ రెండు బస్సులు మారాలమ్మా, ఎందుకొచ్చిన గొడవ" అంటారు.

ఆ "గొడవ" అన్న ఒక్క పదంలో ఎన్నో దాగి ఉన్నాయి. రద్దీలో తాకే చేతులు, బురఖాను చూసి విసిరే మాటలు, సీటు ఇవ్వని మొండితనం, ఇంటికి ఆలస్యమైతే వీధిలో పుట్టే పుకార్లు. వీటన్నిటికీ మన కుటుంబాలు కనిపెట్టిన మందు ఒక్కటే, పిల్లను ఇంట్లో కూర్చోబెట్టడం. ఈ మందు రోగం కన్నా ప్రమాదకరమైనదని మేము భావిస్తున్నాం. సరిదిద్దవలసింది బస్సును. అందులో సగం పని ప్రభుత్వానిది, మిగిలిన సగం మనది.

మొదట బస్సు మనకు ఎంత ముఖ్యమో గుర్తు చేసుకోవాలి. 1932లో నిజాం రాష్ట్ర రైల్వే సంస్థ తన రోడ్డు రవాణా శాఖను 27 బస్సులతో ప్రారంభించింది. నేటి ఆర్టీసీకి మూలం అదే. దాదాపు శతాబ్దకాలంగా ఈ నగరంలో అన్ని మతాల వారూ ఒకరి భుజం ఒకరికి తగిలేలా నిలబడి ప్రయాణించిన చోటు అది. ఇక పాతబస్తీ సంగతి చూద్దాం. నగరంలో మెట్రో రైలు 2017 నవంబరులో మొదలైంది. 2020 ఫిబ్రవరిలో జూబ్లీ బస్ స్టేషన్ నుంచి వచ్చిన మార్గం మూసీ ఒడ్డున మహాత్మాగాంధీ బస్ స్టేషన్ వద్ద ఆగిపోయింది. ఫలక్‌నుమా వరకు వెళ్లవలసిన ఆ మార్గానికి 2024 మార్చి 8న ఫరూఖ్‌నగర్ వద్ద శంకుస్థాపన జరిగింది. నగరంలోని ఇతర ప్రాంతాల వారు చల్లని పెట్టెల్లో ప్రయాణిస్తున్న ఏళ్లలో చాంద్రాయణగుట్ట, బార్కాస్, యాకుత్‌పురా వాసులకు మిగిలినవి సిటీ బస్సు, షేర్ ఆటో, స్టేషన్ దగ్గరలో ఉన్నవారికి ఎంఎంటీఎస్ రైలు. కనుక పాతబస్తీ బస్సు గురించి మాట్లాడటం చిల్లర విషయం కాదు. అది చదువు గురించి, ఉపాధి గురించి మాట్లాడటమే.

2023 డిసెంబరు 9న తెలంగాణలో మహాలక్ష్మి పథకం మొదలైంది. గుర్తింపు పత్రం చూపిన స్త్రీకి కండక్టరు సున్నా రూపాయల టికెట్టు ఇస్తాడు. 2025 ఆగస్టు 15న ఆంధ్రప్రదేశ్‌లోనూ స్త్రీశక్తి పేరుతో ఇటువంటి పథకమే అమలులోకి వచ్చింది. ఇళ్లలో పనిచేసే స్త్రీలకు, దుకాణాల్లో నిలబడి పనిచేసే యువతులకు, పెద్దాసుపత్రికి వెళ్లే ముసలమ్మలకు, కళాశాల విద్యార్థినులకు దీని వల్ల నెల నెలా మిగిలే డబ్బు చిన్నది కాదు. ఇంతకు ముందు "అంత దూరం ఎందుకు" అనిపించుకున్న కళాశాల ఇప్పుడు దరఖాస్తు చేయదగిన కళాశాల అయింది.

దీనితో పాటు ఒక కొత్త ఎత్తిపొడుపు కూడా పుట్టింది. "ఫ్రీగా ఎక్కారు కదా, నిలబడండి" అన్న మాట బస్సుల్లో తరచుగా వినబడుతోంది. అది బురఖా ధరించిన స్త్రీ చెవిన పడినప్పుడు దానికి ఇంకో పదును వస్తుంది, "అన్నీ వీళ్లకే" అన్న పాత ఆరోపణ దానికి తోడవుతుంది. ఈ మాట అనేవారికి రెండు విషయాలు మర్యాదగా చెప్పాలి. సున్నా టికెట్టు విలువను ప్రభుత్వం సంస్థకు చెల్లించవలసి ఉంటుంది, ఆ సొమ్ము ప్రజలందరి పన్నుల నుంచి వస్తుంది, సబ్బు కొనే ప్రతి స్త్రీ ఆ పన్నులు కడుతూనే ఉంది. రెండవది, ఈ పథకం ఒక మతానికి చెందినది కాదు, రాష్ట్రంలోని స్త్రీలందరిదీ. బస్సులో చోటు చాలకపోతే అడగవలసింది మరిన్ని బస్సులు. ఎక్కిన స్త్రీని నిందించడం వల్ల ఒక్క సీటు కూడా పెరగదు.

బురఖా స్త్రీకి ఎదురయ్యే అనుభవం మన ఊహ కాదు. 2006లో వెలువడిన సచార్ కమిటీ నివేదిక, బురఖా ధరించిన స్త్రీల పట్ల మార్కెట్లలో, ఆసుపత్రుల్లో, పాఠశాలల్లో, ప్రజారవాణాలో అమర్యాదగా ప్రవర్తిస్తున్నారన్న ఫిర్యాదులను నమోదు చేసింది. ఇన్నేళ్ల తరువాత కూడా ఆ జాబితాలో బస్సు పేరు కొట్టివేసే స్థితి రాలేదు. ఇప్పుడు గుర్తింపు పత్రంలోని ఫొటోను ముఖంతో పోల్చే సందర్భం కొత్తగా వచ్చింది. నఖాబ్ ధరించిన స్త్రీని అందరి ముందూ గద్దించి ముఖం చూపమనడం ఒక పద్ధతి. "అమ్మా, కార్డు ఒకసారి చూపండి" అని మెల్లగా అడిగి, అవసరమైతే పక్కనున్న స్త్రీని చూడమనడం మరో పద్ధతి. రెండింటికీ పట్టే సమయం ఒకటే. కండక్టర్ల శిక్షణలో ఈ చిన్న విషయం చేర్చాలని మేము కోరుతున్నాం. అలాగే మన స్త్రీలు కూడా కార్డును సంచి అడుగున పెట్టి రద్దీలో వెతకకుండా, ఎక్కేముందే చేతిలో ఉంచుకుంటే అనేక వివాదాలు పుట్టకముందే పోతాయి.

పురుషుల అనుభవం మరో రకం. 2007 మక్కా మసీదు పేలుడు తరువాత ఈ నగరంలో అనేకమంది ముస్లిం యువకులు కేవలం అనుమానంపై నిర్బంధానికి గురై, తరువాత నిర్దోషులుగా బయటపడ్డారు. 2013 ఫిబ్రవరి 21న దిల్‌సుఖ్‌నగర్‌లో బస్ స్టాపు దగ్గర పేలుళ్లు జరిగి అమాయకులు మరణించారు. ఆ తరువాత చాలాకాలం గడ్డం, టోపీ ఉన్న యువకుడు కాళ్ల దగ్గర సంచి పెట్టుకుంటే బస్సులో చూపులు మారేవి. ఎక్కడ ఏ దుర్ఘటన జరిగినా ఆ చూపు ఇప్పటికీ తిరిగి వస్తుంది. దానికి తలదించుకోనక్కరలేదు, తగాదా పెట్టుకోనూ అక్కరలేదు. టికెట్టు కొన్న ప్రయాణికుడు తన దేశభక్తిని పక్క సీటు వాడికి నిరూపించుకోవలసిన బాధ్యత ఏ చట్టంలోనూ లేదు. నిబ్బరంగా కూర్చోవడం అతని హక్కు.

ఇంతవరకు ఇతరులు మనకు చెల్లించవలసిన దాని గురించి చెప్పాం. ఇక మనం చెల్లించవలసిన దాని గురించి. దారి పక్కన కూర్చోవడం గురించి దైవప్రవక్త ముహమ్మద్ (స) తన సహచరులకు చేసిన బోధ మనలో చాలామందికి తెలిసినదే. కూర్చోక తప్పదంటే దారికి దాని హక్కు చెల్లించాలని ఆయన బోధించారు. ఆ హక్కు ఏమిటంటే చూపు దించుకోవడం, ఎవరికీ హాని కలిగించకపోవడం, సలాంకు జవాబివ్వడం, మంచిని ప్రోత్సహించి చెడును వారించడం. ఈ బోధను మనం జుమా ప్రసంగాల్లో వింటాం. మెహదీపట్నంలో బస్సు ఎక్కగానే మరచిపోతాం.

చూపు దించుకోవడం ఆడపిల్లలకు మాత్రమే నేర్పే పాఠంగా మన ఇళ్లలో మారిపోయింది. కళాశాల వదిలే వేళకు బస్ స్టాపుల్లో గుంపుగా నిలబడేవారిలో, మెట్ల మీద వేలాడుతూ ముందు ద్వారం వైపు కేకలు వేసేవారిలో మన పిల్లలు లేరని గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పగలమా? స్త్రీలకు కేటాయించిన సీట్లలో వారినే కూర్చోనిద్దామన్న వాక్యం దశాబ్దాలుగా బస్సుల్లో రాసి ఉంది. దాని కిందే దర్జాగా కూర్చుని కిటికీలోంచి బయటకు చూసే పెద్దమనుషుల్లో గడ్డాలున్నవారూ ఉన్నారు, బొట్లున్నవారూ ఉన్నారు. మన చెల్లెలికి సీటు దొరకలేదని బాధపడే మనం ఇంకొకరి చెల్లెలి సీటు మీద కూర్చుంటే మన ఫిర్యాదుకు బరువెక్కడిది?

హాని కలిగించకపోవడమంటే కొట్టకపోవడం మాత్రమే కాదు. ఫోనులో వీడియోలు బస్సంతా వినబడేలా పెట్టడం, గుట్కా నమిలి కిటికీలోంచి ఉమ్మడం, నడిచే దారిలో మూటలు పెట్టడం, దస్తీ విసిరి ఎక్కని మిత్రుడికి సీటు ఆపడం, ఇవన్నీ హానులే. అందులో ఖవ్వాలీ అయినా నాత్ అయినా, సినిమా పాటైనా భజన అయినా తేడా లేదు. నైట్ డ్యూటీ చేసి నిద్రకు తూలుతున్న మనిషికి అది చప్పుడే. ముసలివారికి, గర్భిణికి, చంటిబిడ్డ తల్లికి, వికలాంగులకు అడగకముందే లేచి చోటివ్వడం మన వేషం చేయలేని పరిచయాన్ని చేస్తుంది.

సలాంకు జవాబు అంటే పలకరింపుకు పలకరింపు. తెల్లవారుజాము నుంచి కిక్కిరిసిన బస్సులో నిలబడి టికెట్లు కొట్టే కండక్టరు కూడా మనిషే. ఆయన వందలాది మందితో మాట్లాడాలి, లెక్క తప్పితే జవాబు చెప్పుకోవాలి. పది రూపాయల టికెట్టుకు ఐదువందల నోటు చాచి, చిల్లర లేదంటే గొంతు పెంచడం న్యాయం కాదు. అదే బస్సులో మంచి కూడా మనం చూస్తూనే ఉన్నాం. రంజాన్ నెలలో ఇఫ్తార్ వేళకు ట్రాఫిక్‌లో చిక్కుకున్న ఉపవాసి ఖర్జూరాల పొట్లం విప్పి ముందు పక్కవారికి అందించడం, పక్కనున్న హిందూ సోదరుడు తన నీళ్ల సీసా చేతికివ్వడం ఈ నగరానికి కొత్త కాదు. ఉపన్యాసాలతో సాధించలేని పరస్పర విశ్వాసం ఇలాంటి చోట కుదురుకుంటుంది.

చివరిదీ కష్టమైనదీ చెడును వారించడం. ఒక ఆడపిల్లను ఎవరో వేధిస్తుంటే బస్సులో నలభై మంది చూస్తూ నలభై మందీ మౌనంగా ఉండటం అందరికీ తెలిసిన దృశ్యం. ఆమె ఏ మతస్తురాలన్న లెక్క వేయకుండా "ఏం బాబూ, జరిగి నిలబడు" అని ఒక్క గొంతు లేస్తే మరో నాలుగు గొంతులు కలుస్తాయి. చేయి చేసుకోనవసరం లేదు. కండక్టరుకు చెప్పాలి, బస్సు నంబరు, సమయం రాసుకోవాలి, 100కు ఫోను చేయాలి. హైదరాబాదులో 2014 నుంచి షీ టీమ్స్ ఈ పని మీదే ఉన్నాయి. 2024 జూలై 1న అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 75వ సెక్షను లైంగిక వేధింపును, 79వ సెక్షను స్త్రీ గౌరవాన్ని భంగపరిచే మాటను, సైగను నేరాలుగా పేర్కొన్నాయి. ఈ విషయాలు మన అమ్మాయిలకు ఎంత తెలియాలో అబ్బాయిలకూ అంతే తెలియాలి.

కార్యకర్త మిత్రులకు మా సూచనలు కొన్ని ఉన్నాయి. పాతబస్తీ నుంచి కోఠి, నారాయణగూడ, ఉస్మానియా విశ్వవిద్యాలయం వైపు కళాశాల వేళల్లో బస్సులు పెంచాలని, రద్దీ మార్గాల్లో విద్యార్థినులకు ప్రత్యేక సర్వీసులు నడపాలని బస్తీల వారీగా సంతకాలతో డిపో మేనేజర్లకు వినతిపత్రాలు ఇవ్వాలి. ఉర్దూను 2017లో తెలంగాణ అంతటా రెండవ అధికార భాషగా గుర్తించారు. ఆ గుర్తింపు బస్సు నుదుటి బోర్డు మీద కూడా కనబడాలని అడగాలి. తెలుగు చదవలేని వృద్ధురాలు ప్రతి బస్సు దగ్గరికీ పరుగెత్తి అడగవలసిన అవసరం తప్పుతుంది. స్టాపుల్లో నీడ, సాయంత్రం వెలుగు ఉండాలి. మసీదు కమిటీలు నెలకొక జుమా ప్రసంగమైనా దారి హక్కుకు కేటాయించాలి, అది యువకులను ఉద్దేశించి సూటిగా ఉండాలి.

తల్లిదండ్రులకు ఒక్క మాట. బస్సులో జరిగిన అవమానాన్ని ఇంటికి వచ్చి చెప్పిన కూతురికి "ఇక రేపటి నుంచి వెళ్లొద్దు" అన్న తీర్పు వినిపిస్తే, తప్పు చేసినవాడు మరునాడు కూడా అదే బస్సు ఎక్కుతాడు, తప్పు చేయని ఆమె కళాశాల మానేస్తుంది. ఆమె చెల్లెలు ఈ పాఠం నేర్చుకుని ఇక ఏమీ చెప్పదు. కనుక ఆమె చెప్పినప్పుడు ముందు పూర్తిగా వినండి. మరునాడు ఆమెతో పాటు తండ్రో అన్నో అదే బస్సు ఎక్కండి, కండక్టరుతో మాట్లాడండి, అవసరమైతే ఫిర్యాదు రాయండి. ఆమె డిగ్రీ పట్టా చేతికి వచ్చే వరకు ఆ బస్సు ఆమెదిగా ఉండేలా చూడటం కుటుంబంగా, సమాజంగా మన బాధ్యత.