వేడి లోపలే పుడితే!

విద్యార్థులారా! దళసరి జొన్నరొట్టె పెనం మీద కాలుతుంటే గమనించారా? మంట ఎక్కువైతే పైన మాడుతుంది, లోపల పచ్చిగానే ఉంటుంది. వేడి బయటినుంచి లోపలికి మెల్లగా పాకాలి గదా! ఫ్యాక్టరీల్లో ఎపాక్సీ వంటి రెజిన్‌లను గట్టిపరచేటప్పుడూ ఇదే చిక్కు. రెజిన్ మంచి ఉష్ణవాహకం కాదు. అందుకే దళసరి వస్తువులను గంటల తరబడి వేడి గదుల్లో ఉంచుతారు.

మైక్రోవేవ్ పద్ధతి వేరు. వంటింటి మైక్రోవేవ్ ఓవెన్‌లో విద్యుత్ క్షేత్రం సెకనుకు సుమారు 245 కోట్ల సార్లు ఊగుతుంది. ఇలాంటి క్షేత్రంలో రెజిన్‌లోని ధ్రువ అణువులు దానితోపాటు తిరగబోయి, పక్కవాటితో ఒరుసుకుంటాయి. అలా లోపలే వేడి పుడుతుంది. ఆ వేడికి అణువులు ఒకదానితో ఒకటి ముడిపడి వలలా అల్లుకుంటాయి. రెజిన్ గట్టిపడటమంటే ఇదే.

అలాగని ప్రతిచోటా ఇదే మేలనడం సరికాదని నా అభిప్రాయం. రెజిన్‌లో ఏం కలిపారన్నది ముఖ్యం. గాజునార గుండా తరంగాలు దాదాపు అలాగే దాటిపోతాయి. కార్బన్ పొడి వాటిని బాగా పీల్చుకుంటుంది. అది మరీ ఎక్కువైతే తరంగాలు లోతుకు పోవు. లోహం వాటిని వెనక్కి కొడుతుంది. వైండింగ్ షాపులో మోటారు రాగిచుట్లకు వార్నిష్ పట్టించి ఆరబెడతారు చూడండి, అక్కడ మైక్రోవేవ్ పనికిరాదు. పైగా ఎపాక్సీ గట్టిపడుతూ తానూ వేడినిస్తుంది. అదుపు తప్పితే రొట్టె కథ తలకిందులై, నడుమే మాడుతుంది!

ఇదంతా మనకెందుకంటారా? మన న్యాల్‌కల్, ఝరాసంగం మండలాల్లో 12,635 ఎకరాల్లో తలపెట్టిన జాతీయ పెట్టుబడుల, ఉత్పాదక మండలానికి 2016లో కేంద్రం ఆమోదం లభించింది. పొలాలిచ్చిన ఊళ్ల పిల్లలు రేపు ఫ్యాక్టరీ గేటు దగ్గర కాపలాకే మిగలాలా? యంత్రం ముందు నిలబడి "ఈ వస్తువుకు ఏ వేడి తగును?" అని నిర్ణయించేవారు కావద్దా? హైదరాబాదులో క్షిపణుల కోసం రూపొందిన మిశ్రమ పదార్థాలతోనే అబ్దుల్ కలాం బృందం పోలియో పిల్లల 3 కిలోల క్యాలిపర్లను 300 గ్రాములకు తగ్గించింది. పదార్థాల గుణం తెలిసినవారికే అది సాధ్యమైంది.

కనుక ఉష్ణం, తరంగాల పాఠాలను మార్కుల కోసమే చదవకండి. వైండింగ్ షాపుకు వెళ్లి, వార్నిష్‌ను ఎంతసేపు, ఎందుకు వేడిచేస్తారో అడగండి. ఒక్క హెచ్చరిక: ఇంటి మైక్రోవేవ్ ఓవెన్‌లో రెజిన్‌లు ఎన్నడూ పెట్టవద్దు. ఆ ఆవిర్లు హానికరం, నిప్పంటుకోవచ్చు కూడా.