తాకట్టుకు పోని ఆస్తి

తాతల నాటి వస్తువులేమున్నాయని ఎవరైనా అడిగితే మన హాస్టల్ పిల్లలం చాలామందిమి నీళ్ళు నములుతాం. ఉన్న కాస్త బంగారం ప్రతి ఏడూ విత్తనాల వేళకు తాకట్టుకు పోయేది. కొన్నిసార్లు తిరిగొచ్చేది కూడా! పొలం కాగితాల సంగతి సరేసరి. కానీ గుమ్మానికి ఊలు బంతుల తోరణం మాత్రం ఉండేది. ఏ వడ్డీ వ్యాపారీ దాన్ని అడగలేదు కనుక మిగిలింది.

దాన్ని అమ్మలు ఎలా చేసేవారో మాకు బాగా గుర్తు. అట్టముక్క మీద రంగు ఊలు దండిగా చుట్టి, తీసి, నడుమ బిగించి కట్టేవారు. రెండు వైపులా కత్తిరించి, విదిలించి, గుండ్రంగా వచ్చేదాకా అంచులు సరిచేసేవారు. నడుమ ముడి వదులైతే బంతి మొత్తం రాలిపోతుంది. పగలంతా కూలి చేసొచ్చిన వేళ్ళు ఆ ముడిని అంత గట్టిగా ఎలా వేసేవో!

మా అమ్మలకు సంతకం రాదు, వేలిముద్రే. రేపు వాళ్ళ చేతి గుర్తుగా చూపడానికి ఉత్తరమైనా ఉండదు. ఆ ముడే ఉంటుంది.

మాలో ఒకరి ఇంట్లో సున్నం వేసేటప్పుడు ఆ తోరణం తీసి పారేశారు. పారేసింది చదువుకున్న కొడుకే. బజారు నుంచి ప్లాస్టిక్ పూలదండ తెచ్చి కట్టాడు. అమ్మ ఏమీ అనలేదు. చీకటి పడ్డాక పెంట దగ్గరికెళ్ళి రెండు బంతులు ఏరుకొచ్చి ట్రంకుపెట్టెలో దాచుకుంది. ఆ కొడుకు ఈ వ్యాసం రాస్తున్న మాలోనే ఉన్నాడు.

జపాన్‌లో టెమారి అని దారపు బంతులున్నాయి. ఒకప్పుడు అవి పిల్లలు ఆడుకునే బంతులే. కగావా ప్రాంతంలో ఊకను కాగితంలో చుట్టి, దానిపై నూలు చుట్టి, చెట్ల రంగులద్దిన దారంతో పూలు కుడతారు. మత్సుమొటో నగరంలో మురుగుకాలువ మూతల మీద సైతం ఆ బంతి బొమ్మే! ఊకకు అక్కడ అంత గౌరవం దక్కితే, మన ఊలు మనకెందుకు నామోషీ?

అందుకే మా మాట ఇది. ఈ వార్షికోత్సవ వేదికకు థర్మోకోల్ అలంకరణ వద్దు. పూర్వ విద్యార్థులు కూడా ఓసారి అటక దించి చూడండి. అమ్మ చేసినదేదైనా తీసుకురండి, పక్కన చీటీ మీద ఆమె పేరు, ఊరు రాద్దాం. ఆ రెండు బంతులూ మేం తెస్తున్నాం. ఒకదాన్ని ఎలుక కొరికింది, అలాగే కడదాం.