రొట్టెముక్క అడ్డు కాదు



గత సంచికలో లెక్కల బోధనపై వచ్చిన వ్యాసం చదివి ఉండబట్టలేక రాస్తున్నాను. వస్తువులతో నేర్పితే పిల్లల ధ్యాస వస్తువు మీదే ఉండిపోతుందనీ, గుర్తులతోనే మొదలుపెట్టాలనీ వ్యాసకర్త అన్నారు. 2008లో ‘సైన్స్’ పత్రికలో వచ్చిన ఒహాయో స్టేట్ యూనివర్సిటీ పరిశోధనను ఆధారంగా చూపారు.

ఆ ప్రయోగం కాలేజీ విద్యార్థుల మీద జరిగింది. మూడు దాటితే మళ్లీ మొదటికొచ్చే కూడికను కొందరికి గుర్తులతో, కొందరికి కొలపాత్రలతో నేర్పారు. 2011లో బెల్జియం పరిశోధకులు దాన్ని తిరిగి చేశారు. చివరి పరీక్షను వస్తువుల రూపంలో పెట్టేసరికి, వస్తువుతో నేర్చుకున్నవాళ్లే ముందున్నారు. ఈ సంగతి వ్యాసంలో లేదు. ఉండాల్సింది.

నేను ముప్పయ్యేళ్లు లెక్కలు చెప్పాను. ఒకసారి ఆరో తరగతి అమ్మాయి అరకు మూడోవంతు కలిపి 2/5 అని రాసింది. కాగితం మడిచి సగానికి రంగు వేయమన్నాను. 2/5 సగం కన్నా తక్కువని తనే చూసి, పలక తుడిచేసింది. అదే కాగితాన్ని ఆరు గళ్లుగా మడిచాక 5/6 తనంతట తానే చెప్పింది. మర్నాటి నుంచి కాగితం అడగలేదు.

రుణసంఖ్యను రుణసంఖ్యతో గుణించడం రొట్టెముక్కలతో చూపలేమని ఒప్పుకుంటాను. అక్కడ గుర్తులే దిక్కు. కానీ ఆ మెట్టు ఏడో తరగతిది. మూడో తరగతి పిల్లల చేతిలోంచి చింతగింజలు లాక్కోవద్దని వ్యాసకర్తకు నా మనవి.

– ఒక విశ్రాంత గణిత ఉపాధ్యాయుడు